అన్ని డబ్బాల్లో ఒకటే క్రిమి

“ఒక్కరికి మూత్రంల మంట అంటే నమ్ముత. తండా మొత్తానికి ఒకటే క్రిమి అంటే ఎట్ల నమ్మాలె సారూ?”

చండ్రుగొండ ల్యాబ్ టెక్నీషియన్ హెప్సిబా అలా అనేసరికి జస్టిన్ ముఖం చిన్నబోయింది. అతను ఖమ్మం నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్. ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా జన్యువులు ఒక్కో మహిళలో ఎంత వేరుగా ఉంటాయో తేల్చడం అతని పని. తీరా చూస్తే తండా నుంచి వచ్చే మిరపతోట కూలీలిచ్చిన మూత్రం డబ్బాలన్నిటిలోనూ అచ్చం ఒకటే రకం.

“అయినా పెద్ద డిస్కవరీ ఇది,” అన్నాడు జస్టిన్. “ రేపు రిపోర్ట్ ఇస్తే డాక్టరమ్మ అందరికీ ఒకటే మందు రాస్తది.”

“అది పనిచెయ్యకపోతే? ఆ కూలీలల్ల పూలికి ఇప్పటికే చలిజ్వరం. అసలు మీరు వాళ్లకు డబ్బాలు ఎట్ల ఇచ్చిండ్రు?”

“గట్టు మీద నిలబడి, పేరుపేరునా పిలిచి.”

“మేస్త్రీ, మొగ కూలీల ముందటనా?”

“అవ్.”

హెప్సిబాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. అతణ్ని స్కూటీ ఎక్కించుకొని తండాకు బయల్దేరింది. దారంతా వాన. ఆమె తడి జడ మొహానికి తగులుతున్నా వెనక కూర్చున్న జస్టిన్ పక్కకు జరగలేదు.

తండాలో హెప్సిబా డబ్బాల సంగతి అడిగేసరికి, కూలీలందరికీ పెద్దదిక్కు మంగ్లి తలొంచుకుంది. “అంతమంది మొగోళ్ల ముందట డబ్బా పట్టుకొని ఎట్ల పోతం బిడ్డా? అందరి డబ్బాలల్ల నేనే పోసిన. సారు బాధపడతడని చెప్పలే.”

జస్టిన్‌కు తల కొట్టేసినట్టయింది. “తప్పు నాదే అమ్మా,” అన్నాడు.

ఈసారి హెప్సిబా ఇంటింటికీ తిరిగి డబ్బాలు ఇచ్చింది. జస్టిన్ తండా బయటే వానలో నిలబడ్డాడు, పిలిచినా రాలేదు.

కొత్త ఫలితాల్లో ఎవరి క్రిమి వారిదే. మంగ్లికి సరిపోయే మందు పూలికి పనిచేయదని తేలింది. సరైన మందు పడ్డాక పూలి జ్వరం దిగింది.

ఆ కబురు చెప్పడానికి ల్యాబ్‌కు వచ్చిన జస్టిన్, చెప్పేశాక కూడా గుమ్మంలోనే తచ్చాడాడు.

“ఏంది సారూ, ఇంకో డిస్కవరీనా?”

“నువ్వంటే నాకు ఇష్టం హెప్సిబా. మా అమ్మను మీ ఇంటికి తీసుకరానా?”

ఆమె నవ్వు ఆగిపోయింది. “సిగ్గుపడొద్దని ఊరందరికీ చెప్త. నాకే ఏడాది సంది మూత్రంల మంట. మా అమ్మకు గూడ చెప్పలే. పెళ్లంటే అందుకే భయం.”

జస్టిన్ స్టూల్ లాక్కొని ఎదురుగా కూర్చున్నాడు. “ఇప్పుడు గూడ నొప్పి ఉందా?”

ఇన్నాళ్లూ ఆ మాట ఎవరూ అడగలేదు. హెప్సిబా కళ్లు నిండిపోయాయి.

“ఉంది.”

“అయితే పద, ముందు డాక్టరమ్మ దగ్గరికి పోదాం.”

ఆమె కళ్లు తుడుచుకొని ల్యాబ్ షట్టర్ దించింది. “అమ్మను ఆదివారం చర్చి అయినంక తీసుకరా,” అంది.