దొరకి రెండు సూదులు

టీచరమ్మ ఐదున్నరకే లేచింది. రిటైరై నాలుగేళ్లయినా బడిగంట ఆమె ఒంట్లోంచి పోలేదు. కోడలు ఇంకా లేవలేదు. నిన్నంతా మిషన్ మీద వంగి స్కూలు యూనిఫారాలు కుడుతూనే ఉంది పాపం. లారీ నడిపే కొడుకు ఇంటికి రావడానికి ఇంకా వారం ఉంది.

దొర అంటే ఆ ఇంటి పిల్లి. పన్నెండేళ్ల వయసు, వేలాడే బొజ్జ, ఎవరినీ లెక్కచేయని నడక. ఆర్నెల్ల కింద దానికి షుగర్ అని తేలింది. అప్పట్నుంచీ పొద్దున ఆరుకీ సాయంత్రం ఆరుకీ తిండి తిన్నాక రెండు యూనిట్ల ఇన్సులిన్. ఆ పని కోడలిదే. మెడ వెనక వదులు చర్మం ఎత్తిపట్టి సూది దించితే దొరకి తెలిసేది కూడా కాదు.

ఓ సాయంత్రం అది చూస్తూ, పక్కింటావిడ ముందు టీచరమ్మ నోరు జారింది. "కడుపు పండుంటే ఈ పిల్లికి ఇంత సేవ ఎందుకు చేస్తుంది?" కోడలు విననే విన్నది. ఆనాటి నుంచి అన్నం వడ్డిస్తుంది, బీపీ మాత్ర అందిస్తుంది, మాట మాత్రం లేదు. పదకొండు రోజులైంది. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని ముప్ఫై ఏళ్లు నల్లబల్ల మీద రాసిన మనిషికి, తప్పయిందని ఒక్క మాట అనడానికి నోరు పెగల్లేదు.

అందుకే ఈ పొద్దున, నోటితో చెప్పలేనిది చేత్తో చెబుదామనుకుంది. దొరకి తిండి పెట్టి, ఫ్రిజ్‌లోంచి మందు తీసి, కళ్లజోడు సర్దుకుని సిరంజిలోకి రెండు గీతల దాకా లాగింది. సూది దిగింది. కోడలు లేచాక చెత్తబుట్టలో సూది చూసి అర్థం చేసుకుంటుందిలే అనుకుని స్నానానికి వెళ్లింది.

ఎనిమిదిన్నరకి దొర తూలుతూ వచ్చి గోడకి కొట్టుకుని కూలబడింది. నోటివెంట చొంగ. కోడలు మిషన్ వదిలి పరుగెత్తుకొచ్చి ఒళ్లోకి తీసుకుంది. "రోజూ వేసినంతే వేశానే," అంది తనలో తాను.

టీచరమ్మకి అర్థమైంది. తను స్నానంలో ఉండగా కోడలు ఎప్పటిలాగే గిన్నె నింపి, సూది వేసిందన్నమాట. రెండోసారి తిండి వద్దనే పిల్లి కాదది.

"నేనూ వేశానమ్మా," అంది.

కోడలు తలెత్తింది. "ఒక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా."

అరిచినా బాగుండేది. చక్కెర నీళ్లు చిగుళ్లకి రాస్తూ, దొరని తువ్వాల్లో చుట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగు తీశారు. డాక్టరు గ్లూకోజు ఎక్కించి, మధ్యాహ్నం దాకా ఏమీ చెప్పలేనన్నాడు.

వరండాలో బెంచీకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. టీచరమ్మే ముందు నోరు విప్పింది.

"ఆ రోజు అనకూడని మాట అన్నాను. ఒప్పుకోవడానికి సిగ్గేసి సూది వేసి ఊరుకున్నాను. తప్పు నాదే అమ్మాయ్. నన్ను క్షమించు."

కోడలు గోడవైపే చూస్తోంది. "రెండుసార్లు కడుపు నిలవలేదని మీకు తెలుసు. మూడోది కూడా పోయింది అత్తయ్యా. అది మీకు చెప్పలేదు. మీ అబ్బాయి ఊళ్లో లేడు. ఆ మూడు రోజులూ నా పక్కనుంచి కదలంది దొర ఒక్కటే."

ఒకే కప్పు కింద ఉంటూ నాకెందుకు చెప్పలేదని అడిగే హక్కు తనకి లేదని టీచరమ్మకి తెలుసు. లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. కళ్లు తుడుచుకోలేదు.

"ఎప్పుడమ్మా?" అని మాత్రం అడిగింది.

కోడలు మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. దొర లేచి నిలబడిందని, తిండి కోసం గోల చేస్తోందని డాక్టరు బయటికొచ్చి చెప్పేదాకా, టీచరమ్మ మధ్యలో ఒక్క మాటతో కూడా అడ్డురాకుండా వింది.