పదకొండు నిమిషాలూ, ఒక జారుముడీ

డిపోలో మెకానిక్ అమ్మాయి అంటే డ్రైవర్లందరికీ హడల్. బ్రేకు అర అంగుళం ఎక్కువ దిగినా చాలు, బస్సు అద్దానికి ఎర్ర చీటీ అంటించేస్తుంది. ఆ చీటీ మళ్ళీ ఆమె చేత్తో తీసేదాకా బండి కదలకూడదు.

ఆ మధ్యాహ్నం ఆమె పద్నాలుగో నంబరు బస్సు తనిఖీకి వచ్చి తలెత్తి చూసింది. కొత్త డ్రైవరు ఒళ్ళో పచ్చటి ఉన్ని ఉండ పెట్టుకుని, రెండు పుల్లలతో టకటకా అల్లుతున్నాడు.

"ఆ దారం పెడల్ కింద పడితే ఎవరిది పూచీ?" అంది.

"దారం కాదండి, ఉన్ని. పడితే పెడల్‌కి చలి వెయ్యదు," అన్నాడతను తలెత్తకుండా. "సిగరెట్లు మానేశాను. చేతులు ఖాళీగా ఉంటే వాటికి పాత స్నేహం గుర్తొస్తోంది."

"నాకు మఫ్లర్ కూడా అల్లిచ్చాడు," అంది ముందు సీట్లోని బామ్మగారు. రోజూ ఆ బస్సులోనే కూతురింటికి వెళ్ళే మనిషి.

మరో రోజైతే ఆ జవాబుకి చీటీ పడేదే. కానీ పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. నెలలు నిండుతున్నాయి, బిడ్డకు నువ్వే టోపీ అల్లి తేవాలి, కొన్నది తెస్తే గుమ్మంలోంచే పంపేస్తానంది.

"స్పానర్ పట్టడం తప్ప నాకేం వచ్చు అక్కా?" అంది ఫోన్లో.

"చిన్నప్పుడు నా బొమ్మ తల విరగ్గొట్టి ఏమన్నావు? ఇంకో తలకి ఏదైనా చేసిస్తానన్నావు. ఇదిగో, తల వస్తోంది."

అందుకని మెకానిక్ చీటీల పుస్తకం జేబులో పెట్టేసి, గొంతు తగ్గించింది. "చంటిపిల్లల టోపీ అల్లడం కష్టమాండీ?"

అతని చేతులు ఆగిపోయాయి. ఆమె ముఖాన్ని, చేతిలోని జాకీని మార్చి మార్చి చూశాడు. చప్పున లేచి తన సీటు మీది దిండు తీసి బామ్మగారి పక్కన వేశాడు. "ముందు కూర్చోండి."

బస్సు వచ్చి మళ్ళీ బయల్దేరడానికి మధ్య పదకొండు నిమిషాలు. అదే బడి అయింది.

"నలుచదరం పట్టీ అల్లి, మధ్యకి మడిచి, వెనక అంచు కుట్టెయ్యడమే. కింద రెండు తాళ్ళు. మొదట జారుముడి వెయ్యాలి."

"లాగితే ఊడిపోయేది ముడేమిటండీ? మా షెడ్డులో ఇలాంటిది వేస్తే ఉద్యోగం ఊడుతుంది."

"అన్ని ముళ్ళూ బిగిస్తే ఎలా? దీని మీదే అల్లికంతా నిలుస్తుంది."

ముప్ఫై రెండు కుట్లు ఎక్కించింది. రెండో వరుసకి పుల్ల దూరలేదు. "నట్టు బిగించినట్టు బిగించకండి, కుట్టుకి ఊపిరాడాలి," అన్నాడు. వారం తిరిగేసరికి చేప దూరేటంత వదులు చేసింది. ఒకరోజు లెక్కపెడితే కుట్లు నలభై ఏడున్నాయి.

"కుట్లు పిల్లల్ని పెట్టవు కదండీ?" అన్నాడతను.

"అంచు దగ్గర ఒకదాన్ని రెండు చేస్తోంది," అని గుట్టు విప్పింది బామ్మగారు. తప్పు మొదలైన వరుసదాకా అతను నవ్వకుండా విప్పాడు. నవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాడో అతని ఎర్రబడ్డ చెవులు చెప్పాయి.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, అతని ఆరాటమే ఆమెకు అంతుపట్టలేదు. దిండు వేస్తాడు, కిటికీ తీస్తాడు, మెట్టు జాగ్రత్త అంటాడు. ఒకరోజు వానలో ఆమె టైరు ఎత్తబోతుంటే పరుగున వచ్చాడు.

"ఈ పరిస్థితిలో బరువులెత్తుతారా? ఆయనకి చెప్పాలి అసలు."

"ఏ ఆయన?"

"బిడ్డ తండ్రి."

"మా బావా? ఆయనకెందుకు చెప్పడం?"

అతని ముఖం వానలో తడిసిన కాగితంలా అయింది. "బావనే చేసుకున్నారన్నమాట."

"చేసుకుంది మా అక్కండి. బిడ్డా దానికే, టోపీయే నాది."

ఆ రోజు పద్నాలుగో నంబరు నాలుగు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, ముందు పిట్ట కూడా లేని రోడ్డు మీద రెండుసార్లు హారను కొట్టింది.

రెండు రోజులకి నోటీసు బోర్డు మీద కాగితం పడింది. రేపటినుంచి అతను ముప్ఫయ్యో నంబరుకి, ఊరవతలి డిపోకి.

వెళ్ళేవాళ్ళ వీపు చూడటం ఆమెకు చిన్నప్పటినుంచీ చేతకాదు. అందుకే ఏ బస్సు బయల్దేరినా సరిగ్గా అప్పుడే ఇంకో బస్సు కిందకి దూరిపోతుంది. ఆ రోజు దూరడానికి ఏ బస్సూ లేదు. పొద్దున్నే అక్క ఆస్పత్రిలో ప్రసవించింది. టోపీకి ఒక తాడు మిగిలి ఉంది, అది అల్లుతూ అతని బస్సులోనే కూర్చుంది.

పదో నిమిషంలో అతను లేచాడు. "ఈ తాడు మీరే అల్లుకోగలరు. నేను లేకపోయినా ఫర్వాలేదు."

ఆమె అల్లిక సీటు మీద పెట్టి దిగిపోయింది. మరుక్షణం బస్సు అద్దం మీద టప్పుమని ఎర్ర చీటీ పడింది.

"లోపమేమిటండీ?" అన్నాడతను కిటికీలోంచి వంగి.

"జారుతోంది."

"బ్రేకా?"

"కాదు."

"గేరా?"

"కాదు."

"మరి జారుతున్నదేమిటి?"

బస్సులో ముప్ఫై మంది మాటలాపి వింటున్నారు. ఆమె చక్రాన్ని చూస్తూ, "మనిషి," అంది.

బామ్మగారే అందుకుంది: "సరిచేసేదాకా బండి కదలకూడదట కదా. సరిచెయ్యి బాబూ, నా మోకాళ్ళు పట్టేస్తున్నాయి."

అతను దిగి ఆమె ఎదుట నిలబడ్డాడు. "మారింది బస్సు నంబరే. ఆదివారం నేనే తనిఖీకి వస్తాను, మీ ఇంటికి. మీవాళ్ళు చీటీ అంటించకపోతే."

"వస్తే జారని ముడి నేర్పుతారా?"

"అది నాకూ రాదండి. ఇద్దరం కలిసి నేర్చుకోవాలి."

ఆమె చీటీ పీకేసింది. ఆస్పత్రి ఆ దారిలోనే ఉందని తనూ బస్సెక్కింది. బామ్మగారు కిటికీ సీటు వదిలిపెట్టింది. దారంతా మెకానిక్ తాడు అల్లుతూనే ఉంది, గతుకు వచ్చినప్పుడల్లా డ్రైవరు గాజుసామాను మోస్తున్నట్టు బస్సు నడిపాడు.

ఆస్పత్రి గదిలో అక్క టోపీని అటూ ఇటూ తిప్పింది. "ఒక చెవి వైపు ఇనప రేకు, ఇంకో చెవి వైపు చేపల వల. ఏమిటే ఇది?"

"బిగించడం నాకొచ్చు. వదలడం మధ్యలో డ్రైవరుగారు నేర్పారు."

టోపీ బిడ్డ కనుబొమలదాకా దిగింది. బిడ్డ నిద్రలోనే మూతి ముడిచింది. అక్క గడ్డం కింది తాడు పట్టుకు చూసింది. "ఇదేం ముడే, లాగితే ఊడొస్తోంది?"

"చంటిపిల్లలకి జారుముడే వెయ్యాలట. పెద్దవాళ్ళకి వేరేది."

కింద రోడ్డు మీద తిరిగొస్తున్న బస్సు హారను రెండుసార్లు మోగింది. అక్క కిటికీని చూసింది, చెల్లెలి ఎర్రబడ్డ చెవుల్ని చూసింది.

"ఆదివారం అతన్ని భోజనానికి రమ్మను," అంది. "పుల్లలు కూడా తెచ్చుకోమను. ఈ వల వైపు విప్పి మళ్ళీ అల్లాలి."