మంజులకు రాని వంట

తెల్లవారి పొయ్యి వెలిగించేసరికే మంజులకు ఒక పూట పని అయిపోయినంత అలసటగా ఉంది. ఒక పొయ్యి మీద హనుమంతు మధ్యాహ్నం షిఫ్టుకు తీసుకెళ్లే కూర ఉడుకుతోంది. రెండో దాని మీద అత్త కనకవ్వకు మెత్తటి అన్నం. పండ్లు ఊడిన ఆ ముసలామెకు మెతుకు వేలితో నొక్కితే నలిగిపోవాలి. హనుమంతు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. కంపెనీ క్వార్టర్లో వంటగది ఇరుకు. ఎటు తిరిగినా మంజుల మోచేయి దేనికో ఒకదానికి తగులుతుంది.

అయినా ఆ శనివారం ఆమె కాస్త కుదురుగానే ఉంది. మర్నాడు ఆదివారం వాళ్ల పెండ్లిరోజు. సాయంత్రం కరీంనగర్ వెళ్లి ఒక పెద్ద హోటల్లో భోంచేయాలి. ఆ ఒక్క పూట కోసం ఆమె నెల రోజులుగా ఎదురుచూస్తోంది.

కరీంనగర్లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న కూతురు వనిత నెల క్రితం ఫోన్లో అడిగింది, "పెండ్లిరోజుకు నీకేం కావాలె అమ్మా?" అని. చీరో, ఉంగరమో అంటుందనుకుంది. మంజుల కాసేపు ఆలోచించి, "ఎక్కడికన్న పోయి తిందాం బిడ్డా. గని నాకు రాని వంట పెట్టే హోటల్ చూడు" అంది.

వనితకు అక్కడి నుంచి మొదలైంది పరేషాన్. బిర్యానీ అమ్మకు వచ్చు. రొట్టెలు, పనీరు కూరలు వచ్చు. నూడుల్సు, మంచూరియా సంగతి చెప్పనే అక్కర్లేదు, క్వార్టర్ల పిల్లలందరూ ఆ మంచూరియా తిని పెరిగినవాళ్లే. చివరికి థాయ్ వంట తట్టింది. మంచిర్యాలలో ఒక బోర్డు మీద థాయ్ అని ఉంటే లోపలికి వెళ్లి చూసింది. మామూలు నూడుల్స్ మీద ఎండుకొబ్బరి తురుము చల్లి తెచ్చారు. కరీంనగర్లో ఇంకోచోట మెనూలో పేరైతే ఉంది గానీ, వండేవాడు ఊరికి పోయి మళ్లీ రాలేదట.

మూడోది దొరికింది. కొత్తగా కట్టిన హోటల్ పైఅంతస్తులో, చుట్టూ అద్దాలు, తెల్లటి బట్ట పరిచిన బల్లలు. వంటాయన బ్యాంకాక్‌లో పనిచేసి వచ్చాడట. వనిత ముందు ఒక్కతే వెళ్లి తిని చూసింది, నాయినమ్మ నమలగలిగేది ఏమైనా ఉందా అని కూడా అడిగింది, అప్పుడు నలుగురికి బల్ల చెప్పి వచ్చింది. ఫొటోలు పంపింది. వాటిలో ఒక గిన్నెలో ఆకుపచ్చ పులుసు ఉంది. అందులో ఏం వేశారో మంజులకు తెలియలేదు. తెలియకపోవడమే ఆమెకు నచ్చింది. పని మధ్యలో ఎన్నిసార్లు ఆ ఫొటో తీసి చూసుకుందో.

హనుమంతు వంటగది గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కారణం లేకుండా ఆ గడప దగ్గరికి వచ్చే మనిషి కాదు. కూర వాసన బాగుందన్నాడు, నడుము నొప్పి ఎట్లుందన్నాడు. చల్లకొచ్చి ముంత దాచే అలవాటు ఆయనకు ఎప్పటినుంచో ఉంది.

"ఏందో చెప్పు" అంది మంజుల.

"ఏం లేదు. మీ తమ్ముడు సిద్దిరాములు పోసిన ఒడిబియ్యం అట్లనే ఉన్నయి గద. రేపు నాకు సెలవు. పెండ్లిరోజు గూడ. రెండూ ఒక్కనాడే ఐతయని మా షిఫ్టోళ్లను, మన క్వార్టర్ల లైనోళ్లను రమ్మన్న. నీ చేతి వంట తిని మస్తు రోజులైందని అందరూ ఒక్కటే అడుగుడు."

పోయిన వారమే మంథని నుంచి తమ్ముడు సిద్దిరాములు వచ్చి అక్క ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోసి వెళ్లాడు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డ చల్లగా ఉండాలని పోసే బియ్యం అవి. వాటిని ఆమె అత్తింట్లో వండి నలుగురికి పెట్టడం ఆనవాయితీ. దేవుడి మూల మూట అట్లాగే ఉంది.

"మరి హోటలు?" అంది మంజుల.

"ఇంకోనాడు పోదాం తియ్. అదెటు పోతది?"

పెండ్లిరోజుకని రాత్రే ఇంటికి వచ్చి, ముందు గదిలో నాయినమ్మ తల దువ్వుతున్న వనిత దువ్వెన పట్టుకునే లేచి వచ్చింది. "బాపూ, నెల సంది ఎతికి ఎతికి చెప్పిన. నీకు ముందే తెలుసు గద."

"నీకేం తెల్సు బిడ్డా. బయట వేలు పోసినా మీ అమ్మ చేతి రుచి వస్తదా?"

మంజుల పొయ్యి కట్టేసింది. కూర ఇంకా ఉడకలేదు. ఆ ఇంట్లో కూర ఉడకకముందు పొయ్యి ఆరడం ఎవరూ చూడలేదు. హనుమంతు పొయ్యి వైపు చూశాడు, సిలిండర్ అయిపోయిందేమో అనుకున్నాడు పాపం.

"గా మాటనే" అంది మంజుల. గొంతు పెద్దది చేయలేదు. చేసే ఓపిక కూడా లేదు. "గా మాట వినొద్దనే నాకు రాని వంట ఎతుకుమన్న. కరీంనగర్ల బిర్యాని తిన్నం. మా మంజుల చేస్తే దీనికంటె మంచిగుంటదన్నవ్. మళ్లా వారానికి అది నా పొయ్యి మీదికి వచ్చింది. మంచూరియా తిన్నం, అదీ వచ్చింది. వేములవాడ పోయిననాడు తొవ్వల ఏదో హల్వ తిన్నం, అది గూడ నా యెంబడి ఇంటికి వచ్చింది. నేను కూసొని తిన్నదంత మళ్లా నిలబడి చెయ్యాల్సొచ్చె. ఒక్క పూట, ఒక్కటంటె ఒక్కటి తిని, అక్కడనే ఇడిసిపెట్టి రావాలని ఉండె."

వనిత దువ్వెన కిందికి దించింది. అమ్మ ఏదో మోజు కొద్దీ అడిగిందనుకుంది ఇన్నాళ్లూ.

హనుమంతు ముఖం మాడిపోయింది. "నీ చెయ్యి మంచిదంటే తప్పా? పదిమందిల నా పెండ్లాం అసుంటిదని చెప్పుకుంటే తప్పా? నేను మాత్రం ఎవరి కోసం బాయిల దిగుతున్న?"

"నువ్వు షిఫ్టు అయినంక పైకి వస్తవు. నేనెప్పుడు రావాలె?"

హనుమంతు గొంతు పెంచాడు. "పిలిచినోళ్లకు ఏమని చెప్పాలె ఇప్పుడు? ఒడిబియ్యం వండకుంట హోటలుకు పోయిండ్రంటే నలుగురు నవ్వరా?"

"అరే హనుమంతూ" అంది కనకవ్వ మంచం మీద నుంచి.

మంజుల కళ్లు మూసుకుంది. కొడుకుకు తోడు అత్త కూడా మొదలుపెడితే గోరుచుట్టు మీద రోకలిపోటే.

"ఆ బియ్యం ఎవ్వల ఒళ్ల పోసిండ్రురా?"

"మంజుల ఒళ్లనే."

"నా ఒళ్ల గూడ పోసిండ్రు. మా అన్న మోసుకొచ్చి పోసిండు. మీ బాపు వాడకట్టునంత పిలిచిండు. నాకప్పుడు నిండా జరం. కట్టెల పొయ్యి ముంగట కూసొని ఏడ్సుకుంట వండిన. నువ్వు చిన్నపోరనివి, అవ్వా ఎందుకేడుస్తున్నవ్ అన్నవ్. పొగ బిడ్డా అన్న. నువ్వు ఉరికి మీ బాపుకు గూడ పొగనే అని చెప్పినవ్. ఇగ ఎవ్వరూ అడగలే."

కనకవ్వ సగం దువ్విన జుట్టును తనే ముడి వేసుకుంది.

"దీనికి గ్యాసు పొయ్యాయె. పొగ గూడ లేదు. ఏడిస్తే ఇదేమని చెప్పుకోవాల్రా?"

హనుమంతు మంజుల మొహం వైపు చూశాడు. మామూలుగా ఆయన వంట వైపు చూస్తాడు, ప్లేటు వైపు చూస్తాడు. ఆ మొహం ఇంత వాడిపోయిందని ఇవాళే తెలిసినట్టుంది. చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. ఉడకని కూర అట్లాగే ఉంది. మంజుల స్టూలు మీద కూలబడింది, వనిత వచ్చి పొయ్యి వెలిగించింది.

గంట తర్వాత వచ్చి, చెప్పులు విడవకుండానే అన్నాడు. "పిలిచినోళ్లను రావద్దనుడు బాగుండది. రేపు పగటీలి అందరూ వస్తరు. గని వండుడు నాది. మా షిఫ్టు పర్శరాములును తోడు రమ్మన్న. పొద్దుగూకినంక హోటలుకు పోదాం."

"ఒడిబియ్యం మొగోళ్లు వండుతరా?" అంది మంజుల, నమ్మలేక.

"వండొద్దని ఎవ్వలు చెప్పిండ్రు?" అంది కనకవ్వ.

ఆదివారం మధ్యాహ్నం క్వార్టరు ముందు గాడిపొయ్యి తవ్వి, హనుమంతు, ఆయన షిఫ్టు జోడీ పర్శరాములు చెమటలు కక్కుతూ వండారు. అన్నం అడుగంటింది. కోడికూరలో ఉప్పు ఒకరు వేశారో ఇద్దరూ వేశారో తేలలేదు. లైనులో ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వకుండా తిన్నారు. మంజులను మొదటి బంతిలో కనకవ్వ పక్కన కూర్చోబెట్టారు. వడ్డించడానికి ఆమె రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ వనిత భుజం నొక్కి కూర్చోబెట్టింది. మాడు వాసన కొడుతున్న ఆ పసుపుపచ్చటి అన్నం మంజుల పూర్తిగా తింది.

సాయంత్రం కరీంనగర్లో ఆ పైఅంతస్తుకు వెళ్లేసరికి దీపాలు పెట్టారు. అద్దాల అవతల ఊరంతా కనబడుతోంది. కనకవ్వ చెప్పులు గుమ్మం దగ్గర విడిచింది. వనిత వాటిని చేతిలో పట్టుకుని వచ్చి బల్ల కింద పెట్టింది. ఆకుపచ్చ పులుసు, అన్నం, మెత్తటి చేపముక్కలు వచ్చాయి. మంజుల చెయ్యి తనంతట తనే గరిటె మీదికి వెళ్లింది. హనుమంతు ఆ గరిటె మెల్లగా లాక్కుని ముందు ఆమెకు వడ్డించాడు. బల్ల మీద బట్టకు మరక అయింది.

ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మంజులకు ఆ వాలకం తెలుసు. దాని వెనక వచ్చే మాటా తెలుసు. వడ్డించే అబ్బాయి, "బాగుందా సార్?" అని అడిగాడు.

"మా మంజుల..." అని ఆగిపోయాడు హనుమంతు. గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు. "గిది మా మంజులకు రాదు" అన్నాడు.

ఆ అబ్బాయి తలూపి వెళ్లిపోయాడు. హనుమంతు భార్య వైపు తిరిగాడు. "రాదు గదా?"

అప్పటికే మంజుల నాలుక దినుసులు లెక్కపెట్టేసింది. కొబ్బరిపాలు, పచ్చిమిరపకాయ, నిమ్మాకు, అల్లంలాంటిదే కానీ అల్లం కానిదేదో ఒకటి. ఒకసారి చెడగొడితే రెండోసారికి కుదురుతుంది.

"రాదు" అంది.

"యూట్యూబుల ఉంటది గని..." అనబోయింది వనిత. కనకవ్వ మనుమరాలి చెయ్యి పట్టుకుంది. వనిత నాలుక కరుచుకుంది.

"రాకుంటేనే మంచిది" అన్నాడు హనుమంతు, గిన్నె ఆమె వైపు జరుపుతూ.

మంజుల కళ్లు నిండాయి. పైట చెంగు దొరక్క, బల్ల మీద మడిచి పెట్టిన తెల్లబట్ట తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"కారమైందా?" అన్నాడు హనుమంతు, గాభరాగా నీళ్ల గ్లాసు అందిస్తూ.

అవుననడం చాలా తేలిక. మంజుల తల ఎత్తింది. ఎదురుగా కనకవ్వ నమలడం ఆపి ఆమెనే చూస్తోంది.

"కారం కాదు" అంది మంజుల.

హనుమంతు గ్లాసు అక్కడ పెట్టి, ఆమె ప్లేటులో ఇంకొంచెం అన్నం వేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని, వేడి తగ్గకముందే తినడం మొదలుపెట్టింది.