షేడ్ కార్డుకు అందని రంగు

డిటెక్టివ్ చేతికి వచ్చిన సరుకు మూడే. సగం ఖాళీ అయిన ఉప్పు బస్తా. రంగుల గడులున్న షేడ్ కార్డు. అద్దకం కార్ఖానా యజమాని అనుమానం.

మూడింటిలో బరువైనది అనుమానమే.

"అద్దకానికి తెచ్చిన ఉప్పు పిడికెడు పిడికెడుగా పోతోంది," అన్నాడు యజమాని. "గోడౌన్ తాళంచెవి నా దగ్గరొకటి, మా ఆవిడ దగ్గరొకటి."

"ఉప్పు కోసం డిటెక్టివా?"

యజమాని కార్డు మీద లేత గడి చూపించాడు. "పెళ్లినాడు ఆమె చెయ్యి ఇది." వేలు ముదురు గడికి జరిగింది. "ఇప్పుడిది. నిద్రపోతుంటే పెట్టి చూశాను. రంగులో నా కన్ను తప్పదు. ఎండలో ఎవడితోనో తిరుగుతోంది. మా లారీ డ్రైవర్ బండిలోంచి ఆమె దిగుతుంటే కళ్లారా చూశాను."

డిటెక్టివ్ డ్రైవర్‌ని పిలిపించాడు.

"ఆవిణ్ణి ఎక్కడికి తీసుకెళ్లావు?"

"క్లినిక్‌కి సార్. అక్క కళ్లు తిరిగి గేటు దగ్గర కూలబడింది. నీరసమని టానిక్ ఇచ్చి పంపేశారు."

"అక్కట, అక్క," యజమాని పళ్లు నూరాడు.

"ఈయనకి చెప్పలేదేం?"

"చెప్తే నన్ను ఉతికి ఆరేస్తారు సార్. ఆయన పనే అది."

అంతలో గోడౌన్‌లో ఏదో పడ్డ చప్పుడు.

ఉప్పు బస్తాల మధ్య యజమాని భార్య పడి ఉంది. పెదాల మీద ఉప్పు. నాడి అందీ అందనట్టుంది. డిటెక్టివ్ ఆమె అరచెయ్యి విప్పి చూశాడు. కింది పెదవి కాస్త దించి చూశాడు.

"లారీ తియ్యి," అన్నాడు డ్రైవర్‌తో.

"వాడి బండిలోనా?" యజమాని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"మీరు జరక్కపోతే ఆవిడ దక్కదు."

జరగడానికి ఆయనకు ఒక క్షణం పట్టింది.

సాయంత్రం, ఆస్పత్రి వరండా. డాక్టర్ రిపోర్టు వచ్చింది.

"మీరు చెయ్యి చూశారు, అరచేతి గీతలు చూడలేదు," అన్నాడు డిటెక్టివ్. "గీతలు నల్లబడ్డాయి. చిగుళ్లూ నల్లబడ్డాయి. చిగుళ్లకు ఎండెక్కడ తగులుతుంది? డాక్టర్‌కి ముందు అదే చెప్పాను."

యజమాని తన అరచెయ్యి విప్పి చూసుకున్నాడు.

"మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు హార్మోన్లు చెయ్యడం మానేశాయి. అందుకే ఒళ్లు నల్లబడింది. ఒంట్లో ఉప్పు నిలవదు. దాంతో నీరూ నిలవదు. ఆ ఉప్పు కోసమే ఒళ్లు అల్లాడింది. మీ దొంగ ఆ జబ్బు. రోజూ మాత్రలు వేసుకుంటే చాలు."

సెలైన్, ఇంజెక్షన్ పనిచేశాయి. వాళ్లు వార్డులోకి వెళ్లేసరికి ఆమె కళ్లు తెరిచింది.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాడు యజమాని.

"ఏం చెప్పినా వాడెవడని అడుగుతారు." ఆమె గొంతు సన్నగా ఉంది. "ఆ రాత్రి చెయ్యి పట్టుకుంటే ప్రేమనుకున్నాను. కార్డు పెట్టారు. నేను నిద్రపోలేదు."

యజమాని కార్డు తీసి ముక్కలుగా చింపాడు.

డ్రైవర్ గుమ్మంలోంచి తొంగి చూశాడు. "అక్కకి ఎలా ఉంది?"

యజమాని చూపు చటుక్కున భార్య ముఖం మీదికి పోయింది.

డిటెక్టివ్ చెప్పులేసుకుంటూ లెక్క ముగించాడు. ఉప్పు సంగతి తేలింది. కార్డు చిరిగింది. ఒక ప్రాణం దక్కింది.

అనుమానం మాత్రం తరుగు లేకుండా మిగిలింది.