ఆరున్నరకి ఆపే దీపం

తలుపుకి చెవి ఆనించి వినేవాడిని దొంగ అనుకుంటాం. తలుపుకి రేడియో ఆనించి వినేవాడిని ఏమనుకోవాలో ఆ అమ్మాయికి తెలియలేదు. అందుకే తలుపు తీసి, అరవాలో నవ్వాలో తేల్చుకోలేక అలాగే నిలబడిపోయింది.

"ఎవరండీ మీరు?"

"కింది అంతస్తు."

"కింది అంతస్తువాళ్లు తలుపు కొట్టరా?"

"కొడదామనే వచ్చానండీ. ముందు మోత ఇక్కడిదేనా అని..." అంటూ అరచేతిలోని చిన్న రేడియో పైకెత్తాడు. అది చెవిలో జోరీగలా జుయ్యిమంటోంది.

ఆ బిల్డింగులో అతన్ని అందరూ గరగరబాబు అంటారు. పగలంతా కళ్లద్దాల షాపులో లెన్సులు అరగదీస్తాడు. సాయంత్రమైతే పాత వాల్వు రేడియోలు ముందేసుకుని కూర్చుంటాడు. పాత సామాన్ల కొట్లో దొరికిన ఒక చెక్కపెట్టె రేడియోకి నాలుగు నెలలు ఊడిగం చేశాడు. ఎండిపోయిన కండెన్సర్లు మార్చాడు, స్టేషను ముల్లుని లాగే దారం తెగితే కొత్తది కట్టాడు, చెక్కకి వార్నిష్ పట్టించాడు. తీరా స్విచ్చి వేస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా మోత తప్ప ఒక్క స్టేషనూ లేదు. తప్పు తనదేననుకుని పాపం మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. చివరికి అమ్మమ్మ బ్యాటరీ రేడియో పెట్టి చూస్తే అదీ అలాగే మోగింది. రోగం రేడియోలో లేదు, పైనుంచి వస్తోంది. దాన్ని పట్టుకుని మెట్లెక్కితే ఈ తలుపు తగిలింది.

లోపల బల్ల నిండా ట్రేలు, ట్రేల నిండా వేలెడు లేని మొలకలు, వాటి మీద ఊదారంగు దీపం.

"ఒక్కసారి ఆ దీపం ఆపుతారా?"

ఆపింది. జోరీగ నోరు మూసింది. మళ్లీ వేసింది. జుయ్యి.

"చూశారా? మీ దీపమే!"

"అయితే ఏం చెయ్యమంటారు? మీ రేడియో కోసం నా మొలకల్ని చంపుకోమంటారా?"

ఆమె మొక్కల నర్సరీలో పనిచేస్తుంది. అక్కడ ఎవరి చేతిలోనూ బతకని ఒక పూలరకం విత్తనాలు ఇంటికి తెచ్చుకుని చంటిపిల్లల్లా సాకుతోంది. పొద్దున అయిదు నుంచి సాయంత్రం ఏడు దాకా వాటికి వెలుగు ఉండి తీరాలి.

"ఏడింటికి ఆపితే నాకేం లాభమండీ? ఆరున్నర నుంచి ఏడు దాకా ఒక స్టేషను వస్తుంది. ఏడింటికి మూసేస్తారు. మీరు ఈ ఇంట్లో దిగకముందు ఈ చిన్నదాంట్లో సన్నగా వినపడేది. అది బాగా వినాలనే కదా ఇంత కష్టపడింది!"

"ఏం చెప్తారేంటి అందులో?"

"తెలీదు. ఏ భాషో తెలీదు. ఏ దేశమో తెలీదు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "సరే. ఆరున్నరకి ఆపుతాను. నిమిషం ముందు ఆపను."

ఆ సాయంత్రం ఆరున్నరకి మోత ఆగింది. రెండు నిమిషాలకి తలుపు చప్పుడైంది. "ఏ మహానుభావుడి కోసం నా మొలకలు పెందలాడే పడుకున్నాయో వినాలి కదా," అంటూ ఆమె లోపలికి వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది.

రేడియోలో ఒక మగగొంతు ఏదో చెబుతోంది.

"భార్య అలిగినట్టుంది. బతిమాలుతున్నాడు," అంది ఆమె.

"కాదండీ, వాతావరణం చెప్తున్నాడు."

"వాతావరణానికి అంత దిగులా?"

"వానేమో!"

ఆమె పకపకా నవ్వింది. అతనికి ఆ రోజు స్టేషను ఎప్పుడు మూసేశారో తెలియలేదు.

అసలు తికమక అక్కడే మొదలైంది. ఇలాంటి మోత ఆపడం అతనికి చిటికెలో పని. నల్లటి ఇనుప రింగు ఒకటి తీసుకుని, దీపం వైరుని అందులోంచి నాలుగు చుట్లు తిప్పితే చాలు. డ్రాయరులో అలాంటివి గుప్పెడున్నాయి. మర్నాడు ఒకటి జేబులో వేసుకున్నాడు. మెట్లు కూడా ఎక్కాడు. ఇది బిగిస్తే ఆమె ఆరున్నరకి దీపం ఆపక్కర్లేదు. ఆపకపోతే కిందికి రాదు. సగం మెట్ల మీద నిలబడి ఆలోచించి, వచ్చిన దారినే దిగిపోయాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు రెండు నెలలు సాగింది.

చెబితే ఆమె రాదు. చెప్పకుండా ఉండి, ఆమెకే తెలిసిపోతే? మొహం చూడదు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు.

"ఆ పిల్ల పైన దీపం ఆపితే కింద నీ మొహం వెలుగుతోందేమిట్రా?" అంది అమ్మమ్మ ఒకరోజు.

"లేదే, వాల్వుల వెలుతురు."

"ఓహో, వాల్వులా!" అంది అమ్మమ్మ, ఆమె కోసం కుర్చీ జరుపుతూ.

అలా ఉండగా ఒక ఆదివారం సాయంత్రం ఆరింటికి రేడియో పెడితే మోత లేదు. స్టేషన్లన్నీ గంట కొట్టినట్టు పలుకుతున్నాయి. ఇన్నాళ్లూ దీనికోసమే ఏడ్చినవాడు గంతులెయ్యాలి. అతనికి మాత్రం గుండె జారిపోయింది. ఆరింటికే దీపం ఎందుకు ఆపింది? ఒంట్లో బాగాలేదా? ఇల్లు ఖాళీ చేసిందా? బాల్కనీలోకి పరిగెత్తి పైకి చూశాడు. కిటికీలో ఊదారంగు వెలుగు నిక్షేపంలా ఉంది. దీపం ఉంది, మోత లేదు. అతనికి ఏమీ పాలుపోలేదు.

ఆరున్నర అయింది. ఆమె రాలేదు. ఆరూ నలభైకి తలుపు చప్పుడైంది. తీస్తే పనిముట్ల సంచీతో ఒక పెద్దమనిషి, ఆయన వెనక ఆమె.

"మా నాన్న," అందామె, నేల చూపులు చూస్తూ. "లిఫ్టులు రిపేరు చేస్తారు. పొద్దున వచ్చారు."

ఆయన సంచీ దించకుండానే మొదలుపెట్టాడు. "ఆరున్నరకి దీపం ఆపి కిందికి వెళ్లాలంది. ఎందుకమ్మా అంటే, కింద రేడియోకి మోత వస్తోంది నాన్నా అంది. లిఫ్టు మోటార్లతో ఈ గొడవ మాకు మామూలే. రింగు వేసి నాలుగు చుట్లు తిప్పాను, పోయింది. మా అమ్మాయికి తెలీదు, సరే. ఇన్ని రేడియోలు విప్పావు, నీకు తెలీదా బాబూ?"

తెలీదంటే సరిపోతుంది. ఆయన నమ్ముతాడు, ఆమె కూడా నమ్ముతుంది. ఆమె కళ్లు కూడా అదే చెప్పమంటున్నట్టున్నాయి. కాదేమో, నిజం చెప్పమంటున్నాయేమో. ఆ కళ్లలో ఏముందో అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"తెలుసండీ," అన్నాడు. "మొదటి రోజే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఈవిడ కిందికి రారు కదండీ. ఈవిడంటే నాకు ఇష్టమండీ. ఆ రేడియోలో వాళ్లు ఏం చెప్తున్నారో రెండు నెలలుగా నేను ఒక్క రోజు కూడా వినలేదు."

ఆమె మొహం ఎర్రబడింది. సిగ్గనుకున్నాడు. కాదు, కోపం.

"రోజూ ఎన్నింటికి లేస్తున్నానో తెలుసా మీకు? నాలుగున్నరకి! మొలకలకి పద్నాలుగు గంటల వెలుగు ఉండాలని చెప్పానా లేదా? చీకటి చేశాక మళ్లీ వేస్తే అవి తికమకపడతాయి. సాయంత్రం మీకిచ్చిన అరగంట పొద్దున వాటికివ్వాలి. దీపంలో టైమరు ఎప్పుడో చచ్చింది. రెండు నెలలుగా కళ్లు మండుతున్నా లేచి స్విచ్చి వేస్తున్నాను. మీరేమో చిటికెలో పోయే దానికి... ఒక్క మాట చెప్తే నేను రానని ఎలా అనుకున్నారు?"

అతనికి ఆమె నిద్రలేమి ఒక్కటే వినపడింది. చివరి మాట తలలోకి ఎక్కనే లేదు. తన అరగంట సంబరానికి ఆమె రోజూ అంత తెల్లవారుజామున లేచిందన్నమాట!

"ఇక మీరు లేవద్దండీ," అన్నాడు గబగబా. "రేపటి నుంచి పొద్దున దీపం నేను వేస్తాను. రోజూ వేస్తాను. ఎన్నేళ్లయినా సరే, మీరు పడుకోండి."

లిఫ్టు నాన్న సంచీ కింద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు.

"టైమరు బాగుచేస్తానంటాడనుకున్నాను," అన్నాడు అమ్మమ్మతో. "ఈ అబ్బాయి తెల్లారేసరికి మా అమ్మాయి ఇంట్లో ఉంటానంటున్నాడేంటండీ?"

అప్పుడు తెలిసింది గరగరబాబుకి తానేమన్నాడో. "అయ్యో, అది కాదండీ, నా ఉద్దేశం..." అన్నాడు. ఉద్దేశం సరిగ్గా అదేనని అంతలోనే తట్టి ఆగిపోయాడు.

ఆమె కోపం ఎక్కడికి పోయిందో, పెదవి బిగబట్టినా నవ్వు ఆగడం లేదు. తండ్రి ఆ నవ్వు చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నిజం చెప్పేవాడే," అన్నాడు చివరికి, కూతురి వైపు చూసి. "కాస్త ఆలస్యంగా చెప్తాడు. నీ ఇష్టమమ్మా."

"పొద్దున అయిదింటికి లేవగలరా మీరు?" అని అడిగింది ఆమె.

"వీణ్ని ఎనిమిదింటికి లేపడమే నా వల్ల కావడం లేదు తల్లీ," అంది అమ్మమ్మ. "ఇక ఆ తిప్పలేవో నువ్వే పడు."

"అలాగే అమ్మమ్మా," అంది ఆమె.

గరగరబాబు ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "అలాగే అంటే?"

"అంటే అవునని!" అంది ఆమె.