తొంభై రెండో బార్ తర్వాత

జగ్గయ్యపేటలో అచ్చయ్య గారి మిర్చి గోదాము పైన నా స్టూడియో. ఒకటే గది. గోడలకీ తలుపుకీ మందపాటి ఫోము కొట్టించా. కిటికీ ఉన్న చోట ఇటుకలు పేర్చి మూసేశా. లోపల లైటు తీస్తే మిట్టమధ్యాహ్నమో అర్ధరాత్రో తెలీదు. కింద నుంచి వచ్చే మిరపకాయల ఘాటు మాత్రం ఎంత ఫోము కొట్టినా ఆగదు. కొత్తగా వచ్చినవాళ్లు పాడే ముందు ఓ పది తుమ్ములు తుమ్మాల్సిందే.

ఇటు పెనుగంచిప్రోలు నుంచి అటు కంచికచర్ల దాకా చర్చిల్లో పాడేవాళ్లు పాటలు చేయించుకోవాలంటే నా దగ్గరికే వస్తారు. దేవుడు వీళ్లందరికీ గొంతు ఇచ్చాడు గానీ తాళం ఇవ్వడం మర్చిపోయాడు. పల్లవి ఒక వేగం, చరణం ఇంకో వేగం. మధ్యలో ఊపిరి కోసమని ఒక దెబ్బ ఎక్కువ ఆగుతారు. తాళం తప్పితే నాకు ఒళ్లు మండిపోద్ది. అందుకే ఆ గొంతుల్ని కంప్యూటర్లో వేసి, సాగదీసి, కుదించి, నిమిషానికి ఇన్ని దెబ్బలని గీత గీసి దాని మీద కూర్చోబెడతా. "స్టీవెన్ చేస్తే గడియారంలా ఉంటదిరా" అంటారు జనం. ఆ మాట నాకు ఇష్టమే, అబద్ధం ఎందుకు.

నాకో పద్ధతి ఉండేది. పని మధ్యలో తలుపు తోసుకొచ్చే మహానుభావులతో వేగలేక, గడియ బయట పెట్టించా. గోదాము కాపలా కృష్ణయ్య బయట గడియేసి, నేను చెప్పిన టైముకి వచ్చి తీస్తాడు. ఫోను కూడా ఆయనకే ఇస్తా. లోపలుంటే స్పీకర్లలో జర్రుమని చప్పుడు. ఆరేళ్లుగా ఇదే వరస. "ఏ నిప్పో అంటుకుంటే ఏం చేస్తావయ్యా" అని మా ఆవిడ మెర్లిన్ మొత్తుకునేది. నేను వింటే కదా.

మే నెలలో ఒక శుక్రవారం పొద్దున జెరూషా వచ్చింది. పెనుగంచిప్రోలులో టీచరు. వాళ్లమ్మ బేబమ్మ గారు మా వైపు చర్చిల్లో నలభై ఏళ్లు పాడిన మనిషి. పోయి నెల అయింది. మర్నాడే జ్ఞాపకార్థ కూడిక.

"అన్నా, ఆస్పత్రిలో అమ్మ పాడుతుంటే ఫోన్లో తీశా. తను సొంతంగా కట్టుకున్న పాట. రేపు కూడికలో వినిపించాలి. వెనకాల కాస్త సంగీతం వెయ్యండి."

"వేద్దాం తల్లీ."

"ఒక్కటే అడుగుతున్నా. అమ్మ పాడిన తీరు మాత్రం మార్చకండి. ఎక్కడ ఆగిందో అక్కడ ఆగనివ్వండి. అది పాడాక అమ్మ ఇంక మాట్లాడలేదు."

"నాకు వదిలెయ్ అమ్మా, నేను చూసుకుంటాగా" అన్నా. మార్చనని మాట ఇచ్చినట్టే కదా అది.

మధ్యాహ్నం రెండింటికి లోపలికెళ్లా. "నాలుగింటికి తియ్యి కృష్ణయ్యా" అన్నా. ఆయన సరేనండి అని గడియేశాడు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. సన్నటి గొంతు. ముసలి గొంతే గానీ శ్రుతి ఎక్కడా జారలేదు. "వాకిట నిలిచితి నాథా... తలుపు తీయుమా..." మూడు దెబ్బల నడక, మూడు దెబ్బలకో బార్. "తలుపు తీయుమా" అన్న ప్రతిసారీ ఒక దెబ్బ అదనంగా ఆగుతోంది, తలుపు తీస్తారేమోనని చూస్తున్నట్టు. ఆ గొంతు కింద ఇంకో చప్పుడు. టిక్... టిక్... టిక్...

ఇలాంటి పాటకి సంగీతం కట్టాలంటే ముందు టెంపో, అంటే పాట వేగం, పట్టాలి. ఒక్కో దెబ్బ మీద ఒక గుర్తు పెట్టుకుంటూ పోతే వేగం ఎక్కడ పెరిగిందో ఎక్కడ తగ్గిందో ఒక గీతలా పడుద్ది. ఆవిడ ఆగిన చోటల్లా బార్‌కి మూడు దెబ్బలు తీసేసి నాలుగు పెట్టాలి. ఓపికగా ఎనిమిది చోట్ల పెట్టా. పాట తొంభై రెండో బార్‌కి అయిపోయింది. గీత మొదట్లో డెబ్బై రెండు దగ్గర ఉంది. చివరి చరణంలో జారింది. అరవై నాలుగు. యాభై ఐదు. ఆఖరి మాట దగ్గర నలభై ఒకటి.

అప్పుడర్థమైంది, ఆ టిక్ టిక్ ఏంటో. మంచం పక్కన గుండె మిషను. బేబమ్మ గారికి తబలా లేదు, హార్మోనియం లేదు. ఉన్న తాళం అదొక్కటే, దాంతోనే పాడేసింది. నేను గుర్తులు పెట్టింది ఆవిడ గుండె మీద.

పాపం అనిపించింది. నిజంగానే అనిపించింది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోద్ది? డ్రమ్స్ వేసి చూస్తే ఆ వంకర గీత మీద తాగినోడి నడకలా ఉంది. ఇలాంటిది బయటికెళితే నా పేరేం కాను? రేపు చర్చి నిండా జనం ఏడుస్తుంటారు, ఎవడు పట్టించుకుంటాడు, ఆ పిల్లకేం తెలుసుద్ది అనుకున్నా. గీత మొత్తం పట్టుకుని తిన్నగా చేసేశా. మొదటి నుంచి చివరి దాకా డెబ్బై రెండు. నాలుగు దెబ్బల బార్లన్నీ మూడు చేసేశా. ఆవిడ ఆగిన చోట్లన్నీ పోయాయి.

ప్లే నొక్కా.

బ్రహ్మాండంగా ఉంది. చరణం చివరికొచ్చింది. తొంభై, తొంభై ఒకటి, తొంభై రెండు... అయిపోవాలి. అయిపోలేదు. వెనక్కెళ్లి చివరి చరణం మళ్లీ మొదలైంది. తిప్పి పాడమని నేనెక్కడా పెట్టలేదు. మళ్లీ తొంభై రెండు. మళ్లీ వెనక్కి.

ఆపుదామని మీట నొక్కా. ఆగలా. మూడోసారి పాడుతుంటే గొంతులో ఆయాసం తెలుస్తోంది. మొదటిసారి లేదది. రికార్డు చేసిన గొంతుకి ఆయాసం ఎలా వస్తుంది?

ఠక్కున కరెంటు పోయింది.

ఏసీ ఆగింది. లైటు పోయింది. స్పీకర్ల ఎర్రదీపాలు ఆరిపోయాయి. ల్యాప్‌టాప్ తెర ఒక్కటే వెలుగుతోంది. హమ్మయ్య, ఆగింది అనుకుని హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టా.

పాట ఆగలేదు.

కరెంటు లేని స్పీకర్లలోంచి... గదిలోంచి... వస్తోంది. మిరప ఘాటు ఎటు పోయిందో. ఫినాయిలు వాసన, కొబ్బరినూనె వాసన. "తలుపు తీయుమా" అని, ఆగడానికి చోటు లేక, వెంటనే పక్క మాట, పక్క మాట...

లేచి తలుపు మీద పడ్డా. "కృష్ణయ్యా!" రెండు చేతులా బాదా. ఫోము నా గుద్దుల్నీ నా అరుపుల్నీ మింగేసింది. చప్పుడు బయటికి పోకూడదని ముప్పై వేలు పోసి నేనే కొట్టించుకున్నా. నాలుగు గుద్దులకే కళ్లు బైర్లు కమ్మాయి. కాళ్లలో సత్తువ లేదు. ఏందిది అని మెడ మీద వేళ్లు పెట్టి చూసుకున్నా.

ఒళ్లంతా వణుకు. చెమట. భయంతో నోరు ఎండిపోయింది. గుండె మాత్రం తాపీగా కొట్టుకుంటోంది.

టిక్... టిక్... టిక్...

ఆ చప్పుడూ నా నాడీ ఒకటే. డెబ్బై రెండు.

చెవి పక్కనే, చాలా దగ్గరగా...

"నాయనా."

తల తిప్పలేదు. తిప్పే ధైర్యం ఎవడికుంది.

"అలిసిపోయా నాయనా... పోనియ్యి."

"తలుపు... తలుపు బయట గడియేసుందమ్మా" అన్నా. ఏడుపొచ్చేసింది.

"ఆ తలుపు కాదు."

తెర వంక చూశా. తిన్నటి గీత. ఆవిడ పోవాల్సిన దారిని నేనే తిన్నగా కొట్టేసి మూసేశా. పాకుతూ బల్ల దగ్గరికెళ్లి, చేసిన పనల్లా వెనక్కి తియ్యడం మొదలుపెట్టా. ఒక్కో నొక్కుకి ఒక్కో బార్ మూడు పోయి నాలుగైంది. ఒక్కో గుర్తూ దాని చోటుకి అది జారింది. గీత మళ్లీ వంకర అయింది.

చివరి చరణం నెమ్మదించింది. "తలుపు తీయుమా..." అని, ఈసారి ఆగింది. హాయిగా ఆగింది.

అరవై నాలుగు. నా గుండె కూడా.

యాభై ఐదు. వేళ్లు చల్లబడ్డాయి. ఓరి దేవుడో... ఆవిడతో పాటు నేను కూడా వెళుతున్నా. యాభై. గదిలో చీకటి తెర దాకా వచ్చేసింది. నలభై ఆరు. మెర్లిన్ గుర్తొచ్చింది. తొంభై ఒకటో బార్. ఆ తర్వాత గీత లేదు... ఏమీ లేదు... ఖాళీ.

బతకాలనిపించింది. అంతే. ఇంకే ఆలోచనా లేదు. చెయ్యి ఎలా లేచిందో తెలీదు, తొంభై రెండో బార్ దాటిన చోట ఒక కొత్త గుర్తు పెట్టి అంకె కొట్టా. డెబ్బై రెండు.

నలభై ఒకటి. "...తీయుమా."

పాట అయిపోయింది.

ఆ నిశ్శబ్దంలో నా గుండె కూడా లేదు. ఎంతసేపో చెప్పలేను. తర్వాత... టిక్.

బయట గడియ తీసిన చప్పుడు. ఎండ కళ్లలో కొట్టింది. నా భుజం రాసుకుంటూ ఏదో చల్లగా బయటికి పోయింది. తడి గుడ్డ తగిలినట్టుంది. కృష్ణయ్య పక్కకి తప్పుకుని దారిచ్చాడు, మనిషికి ఇచ్చినట్టే. తర్వాత బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు.

"ఇంకా మూడున్నరే అయిందండి. ఎవరో పెద్దావిడ లోపల్నించి తలుపు తియ్యమని ఒకటే అడుగుతుంటే వచ్చా. ఎవరండీ ఆవిడ? ఎప్పుడొచ్చారు?"

నేనంత అరిస్తే వినపడలేదు ఆయనకి.

కూడికకి పాట ఇచ్చా. ఒక్క హార్మోనియం మాత్రం, ఆవిడ వెనకే నడిచేలా వేశా. పాట అయ్యాక జెరూషా నా చేతులు పట్టుకుని, "ఏమీ మార్చలేదన్నా" అని ఏడ్చింది. నేను తలొంచుకున్నా.

ఆ వారమే గడియ పీకించి లోపలికి పెట్టించా. మెట్లెక్కుతుంటే కళ్లు తిరుగుతున్నాయని మెర్లిన్ నన్ను నందిగామ తీసుకెళ్లింది. అక్కడ గుండె డాక్టరు నన్ను నడిచే మిషను ఎక్కించి పరిగెత్తించాడు. కాగితం చూశాడు. మిషను మార్చి మళ్లీ పరిగెత్తించాడు. పడుకున్నా డెబ్బై రెండే, పరిగెత్తినా డెబ్బై రెండే. "ఇంత తిన్నగా నేనెప్పుడూ చూళ్లేదండి, గడియారంలా ఉంది" అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించా, రాలేదు.

మొన్న ధైర్యం చేసి ఆ ఫైలు తెరిచా. తొంభై రెండో బార్ తర్వాత నేను పెట్టిన గుర్తు ఉంది. అక్కణ్ణుంచి తిన్నటి గీత. ప్లే నొక్కలేదు నేను. అయినా పాట ఎక్కడుందో చూపించే నిలువు గీత లక్షల బార్లు దాటిపోయి, మెల్లగా కుడివైపు కదులుతూనే ఉంది.

దానికి ఇంకా ముందు, తెర కుడి అంచు దగ్గర, టెంపో గీత కిందికి వంగి ఉంది. నేను వంచలేదు. వంపు మొదలైన చోట ఒక చిన్న గుర్తు ఉంది, పక్కనే బార్ నంబరు. పెద్దది చేస్తే కనపడుద్ది. ఆ నంబరు తెలిస్తే అది ఏ రోజో, ఎన్ని గంటలకో లెక్క కట్టొచ్చు. లెక్క నాకు బాగా వచ్చు.

ల్యాప్‌టాప్ మూసేశా. అంతకుముందు ఒక్కటి మాత్రం కళ్లబడింది. ఆ గుర్తు ఉన్న బార్‌కి మూడు దెబ్బలు కాదు, తలుపు తీస్తారేమోనని ఆవిడ ఆగిన చోట్లలో లాగే, నాలుగు పెట్టుంది.