మహారాణి ఎర్ర గౌను

చీకటి పడ్డాక ఆ బొమ్మల దుకాణం మేడమీది గాజుగదిలోకి ఎవరూ వెళ్లరు. ఊడ్చే మనిషి చీపురు మెట్ల దగ్గరే వదిలేసి పోతుంది. కాపలా మనిషి గేటు దగ్గర కుర్చీ వేసుకుని, మేడ వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. ఎందుకంటే... రాత్రయితే ఆ గదిలో బొమ్మలు బట్టలు మార్చుకుంటాయట!

నమ్మరు కదూ? బుల్లి దర్జీ కూడా మొదట నమ్మలేదు.

అవి పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. మూరెడు పొడుగు, పిడికెడు నడుము, ఒక్కో కనురెప్ప వెంట్రుకా విడిగా కనిపించే సోకులరాణులు. ప్రపంచం మొత్తానికి వేళ్లమీద లెక్కపెట్టేటన్నే తయారయ్యాయి. ఒక్కోదాని ఖరీదు చెబితే వినేవాళ్లు కూర్చోడానికి కుర్చీ వెతుక్కుంటారు.

వాటిని ప్రాణంలా పోగుచేసింది యజమాని తల్లి, పెద్దావిడ. ఆవిడకి ఒక పిచ్చి ఉండేదట — విప్పిన గుడ్డ కంటబడితే మడత పెట్టకుండా వదలదు. బొమ్మ గౌనైనా సరే, బల్ల తుడిచే పాతగుడ్డైనా సరే, నాలుగు మూలలూ కలిపి, పైన అరచేత్తో ఒక్క రాపు రాయాల్సిందే.

ఆవిడ పోయింది. వెనకే ముసలి దర్జీ కూడా పని మానేశాడు. ఆ చోటికి మన బుల్లి దర్జీ కుర్రాడొచ్చాడు, అంతవరకూ మనుషుల చొక్కాలు కుట్టినవాడు. నీలం శాటిన్ గౌను కుట్టి, ఒక బొమ్మకి తొడిగి, దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుని, మబ్బుల్లో తేలుతూ ఇంటికెళ్లాడు.

పొద్దున వచ్చి చూస్తే... బొమ్మ లోపలి తెల్ల షిమ్మీతో నిలబడి ఉంది. నీలం గౌను దాని కాళ్ల దగ్గర — నాలుగు మూలలూ కలిపి, పొందిగ్గా మడతపెట్టి!

తర్వాత నల్ల గౌను. అంతే. ముదురు ఆకుపచ్చ. అదీ అంతే. లేత గులాబీ, తెలుపు గౌన్ల జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

"అమ్మేరా," అన్నాడు యజమాని గొంతు తగ్గించి. బతికున్నప్పుడే తల్లి ముందు నోరెత్తనివాడు, ఇప్పుడెత్తుతాడా? "నీ కుట్టు నచ్చలేదు ఆవిడకి. రేపు పొద్దున ప్రదర్శన పెట్టే మేడమ్ మన మహారాణి బొమ్మని చూడ్డానికొస్తోంది. అది కూడా షిమ్మీతో కనిపించిందనుకో... నువ్వు మళ్లీ చొక్కాల దగ్గరికే!"

కుర్రాడు మళ్లీ అటు పోలేడు. చొక్కాలంటే చేదని కాదు. ఆ దుకాణంలో ఒక మూల, యజమాని మేనకోడలు కూర్చుని బొమ్మల జుట్టు దువ్వుతుంటుంది. ముద్దుగా అందరూ జడల పిల్ల అంటారు. అతనితో ఇంతవరకూ "సూది కిందపడింది, చూసుకోండి" తప్ప ఇంకేం అనలేదు. ఆ ఒక్క మాటనే ఎన్నిసార్లు నెమరేసుకున్నాడో!

అందుకే ఆ రాత్రి ఇంటికెళ్లలేదు. మహారాణికి ఎర్ర మఖమల్ గౌను తొడిగి, దీపం ఆర్పి, పరదా వెనక నక్కాడు. చేతిలో కత్తెర. దెయ్యాన్ని కత్తెరతో ఏం చేస్తాడో అతనికే తెలీదు.

అద్దాల్లోంచి వెన్నెల పడుతోంది. బొమ్మలన్నీ తననే చూస్తున్నట్టు... ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నట్టు...

కిర్ర్...

తలుపు తెరుచుకుంది. తెల్లటి ఆకారం. విరబోసిన జుట్టు. అడుగు చప్పుడు లేదు. తిన్నగా మహారాణి దగ్గరికొచ్చింది. తెల్లటి చెయ్యి చాచి, గౌను వెనక హుక్కులు... ఒకటి... ఇంకొకటి...

"పెద్దమ్మగారూ! ఆ ఒక్కటీ వదిలెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటా!" అంటూ ముందుకి దూకి, నిజంగానే పట్టుకున్నాడు. కాళ్లనుకుని చెయ్యి పట్టుకున్నాడు. మంచుముద్దలా చల్లగా ఉంది!

"అమ్మో! అరవకు... కింద పడుకున్న మావయ్య లేస్తాడు!" అంది దెయ్యం.

జడల పిల్ల!

"మీరా? మరి ఈ చెయ్యి... ఇంత చల్లగా..."

"ఇంతసేపూ బొమ్మల తలలు కడిగాను. నా తలా కడుక్కున్నాను. ముందు ఆ కత్తెర కింద పెట్టు, భయమేస్తోంది."

'పెట్టండి' అనలేదు, 'పెట్టు' అంది! అంత భయంలోనూ ఆ మాట అతని చెవిలో తేనెచుక్కలా పడింది.

"నా కుట్టంటే మీకెందుకండీ అంత కోపం?"

"కోపమా! ముదురు రంగు గుడ్డ రాత్రంతా ఒంటిమీద ఉంటే బొమ్మకి రంగు దిగుతుంది. మనిషి ఒళ్లయితే కడుక్కుంటే పోతుంది, దీనికి జన్మలో పోదు. లోపల లైనింగుగా తెల్ల మల్లు గుడ్డ వెయ్యాలి. ముసలి దర్జీ వేసేవాడు. నువ్వు వెయ్యలేదు. ఆ నీలం గౌను బొమ్మకి నేను విప్పేసరికే మెడకింద గీత పడింది, తెలుసా?"

"అందుకా దాని జుట్టు పాయలు మెడమీదికి దించారు? కొత్త ఫ్యాషనేమో అనుకున్నా!"

జడల పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

ఆమె తల వంచుకుంది. "ఆ గౌను తొడిగి మురిసిపోయావు చూడు... ఆ మొహం చూశాక నోరు రాలేదు. మావయ్యకి చెబితే నిన్ను పంపించేస్తాడు. పంపించేస్తే..." తర్వాతి మాట మింగేసింది.

మింగేసిన మాటే అతనికి గట్టిగా వినిపించింది.

ఇద్దరూ కూర్చుని ఎర్ర గౌను కుట్లు విప్పారు. ఆమె ముసలి దర్జీ సొరుగులోంచి మల్లు గుడ్డ తెచ్చింది. ఆమె దీపం పట్టుకుంది, అతను కుట్టాడు. సూది రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. అది సూది తప్పు కాదు. చివరికి మహారాణికి గౌను తొడిగి, మిగిలిన ముక్క అక్కడే పడేసి, దాహమేసి కిందికి దిగారు.

పైన వెలుగుతున్న దీపం ఆర్పడానికి మళ్లీ మెట్లెక్కుతుంటే అతనన్నాడు, "ఏమైనా మీ పనితనమే వేరు. చీకట్లో కూడా గౌన్లు అంత అందంగా ఎలా మడతపెట్టేవారండీ?"

ఆమె మెట్టుమీద ఆగిపోయింది.

"మడతా? చీకటంటే నాకు హడల్! హుక్కులూడదీసి, అక్కడే పడేసి, పరిగెత్తేదాన్ని. పొద్దున్నే వచ్చి నువ్వే మడతపెడుతున్నావనుకున్నా..."

"నేనా? నేనొచ్చేసరికే..."

ఇద్దరూ నెమ్మదిగా తలుపు తోశారు.

మహారాణి ఎర్ర గౌనులో అలాగే ఉంది. ఒక్క హుక్కు కూడా ఊడలేదు. కాళ్ల దగ్గర మాత్రం... మిగిలిన మల్లు గుడ్డ ముక్క. నాలుగు మూలలూ కలిపి!

మెట్లు ఎవరు ముందు దిగారో వాళ్లకే తెలీదు. గేటు దగ్గరికొచ్చేసరికి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు. కాపలా మనిషి చూసి, గొంతు సవరించుకుని, కుర్చీ అటు తిప్పుకున్నాడు.

పొద్దున మేడమ్ వచ్చింది. మహారాణి చుట్టూ తిరిగింది. గౌను అంచు ఎత్తి తెల్ల లైనింగు చూసి, "కుట్టు బంగారం!" అంది. యజమాని పొంగిపోయి కుర్రాడి భుజం తట్టాడు.

అంతలో మేడమ్ కళ్లజోడు సవరించుకుని వంగింది. "ఈ కుచ్చిళ్లు సర్దింది ఎవరు? ఇలా అరచేత్తో ఒక్క రాపు రాసేది నాకు తెలిసి మీ పెద్దావిడ ఒక్కరే... ఎవరమ్మా, నువ్వా?"

జడల పిల్ల కుర్రాడి వైపు చూసింది. కుర్రాడు మహారాణి వైపు చూశాడు.

"మేం కాదండీ," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.